‘హెల్మెట్ లేకుంటే ఇన్సూరెన్సు రాదు’ అని ఎవరు చెప్పారు?

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో హెల్మెట్ ర్యాలీ ఫొటో వేశారు. ముందు వరుసలో ఇద్దరు బడిపిల్లలు పట్టుకున్న బ్యానరు మీద ‘హెల్మెట్ లేకుంటే ఇన్సూరెన్సు రాదు’ అని ఎర్ర అక్షరాల్లో ఉంది. కింద వార్తలో మీ విలేఖరి ఆ మాటనే ఇంకొంచెం సాగదీసి, హెల్మెట్ లేకుండా ప్రమాదానికి గురైతే కుటుంబానికి నష్టపరిహారం దక్కదని రాశారు. ర్యాలీ మంచిదే. ఎండలో నిలబడిన పిల్లలను తప్పుపట్టేదేమీ లేదు. ఆ వాక్యం మాత్రం అబద్ధం. పోనీలే అని ఊరుకునేదాన్నే, కానీ ఆ ఒక్క వాక్యం ఎన్ని ఇళ్లను ముంచుతోందో రోజూ కనిపించే చోట కూర్చున్నాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను చిత్తూరు కోర్టు ఎదుట జాబ్ టైపిస్టును. ఇరవై ఏడేళ్లయింది. తెలుగు టైపు మిషనుతో మొదలుపెట్టి ఇప్పుడు కంప్యూటర్ దగ్గరికి వచ్చాను. వకీలును కాను, చట్టం చదువుకోలేదు. కానీ మోటారు ప్రమాదాల క్లెయిము పిటిషన్లు, అఫిడవిట్లు, నకళ్లు కొట్టీ కొట్టీ, మనిషి నోరు తెరవకముందే మూడో పేరాలో ఏం రాయాలో నా వేళ్లకు తెలిసిపోతుంది. ‘సదరు డ్రైవరు అతివేగముగానూ, అజాగ్రత్తగానూ నడిపి’ అనే ముక్క ఎన్ని వేల సార్లు కొట్టానో లెక్కలేదు. ఆగి ఉన్న లారీని గుద్దుకున్న కేసులో కూడా అలవాటు కొద్దీ అదే కొట్టేసి ఒకసారి వకీలు గారితో చీవాట్లు తిన్నాను.

రెండేళ్ల క్రితం పలమనేరు వైపు పల్లె నుంచి ఒకామె వచ్చింది. భర్త తెల్లవారుజామున పాల కేంద్రంలో పాలు పోసి వస్తుంటే మలుపులో వ్యాను కొట్టింది. జనం చేరారు. వారిలో ఎవరో తెలివిగలవాడు, ‘హెల్మెట్ లేదు కదమ్మా, ఇన్సూరెన్సు ఎలాగూ రాదు, పైగా వెయ్యి రూపాయలు ఫైను పడుతుంది, లైసెన్సు పోతుంది, బండి జారి పడ్డాడని చెప్పండి’ అని సలహా ఇచ్చాడు. ఆసుపత్రిలో ఆమె అదే చెప్పింది. డ్యూటీలో ఉన్న డాక్టరు రిజిస్టరులో అదే రాసుకున్నాడు. రాయక ఏం చేస్తాడు? తొమ్మిదో రోజున మనిషి పోయాడు. అప్పుడు పోలీసు స్టేషనుకు వెళ్లి వ్యాను సంగతి చెప్పారు. చూసినవాళ్లు ఉన్నారు, వ్యాను నంబరూ ఉంది. ఈ క్లెయిములు తేల్చే ట్రిబ్యునల్‌లో మాత్రం బీమా కంపెనీ వకీలు బల్ల మీద పెట్టిన మొదటి కాగితం ఆ ఆసుపత్రి రిజిస్టరు నకలే. ‘తనంతట తాను బండి మీది నుంచి పడ్డాడు’ అని ఉంది, తెచ్చి చేర్చిన మనిషిగా భార్య పేరూ ఉంది. తొమ్మిది రోజుల తరువాత పుట్టిన వ్యానును ఎవరు నమ్ముతారు? కేసు కొట్టేశారు. అప్పీలు కాగితాలకు ఆమె మళ్లీ నా దగ్గరికే వచ్చింది. అక్కడ కూర్చుని ఒకే మాట పదేపదే అడిగింది, ‘హెల్మెట్ లేకపోతే రాదన్నారు కదక్కా, నిజం చెప్పి ఉంటే వచ్చేదా?’ అని. వచ్చేదే. ఆ సంగతి ఆమెకు చెప్పడానికి నాకు పావుగంట పట్టింది.

మీ బ్యానరు చేసే పని ఇది, సంపాదకులు గారూ. హెల్మెట్ పెట్టుకోని వాడి చేత అది హెల్మెట్ పెట్టించదు. ప్రమాదం జరిగాక వాడి భార్య చేత అబద్ధం చెప్పిస్తుంది.

చట్టంలో ఏముందో మా వకీలు గారు విడమరచి చెప్పినంత మేరకు రాస్తాను. ట్రాక్టరు వచ్చి మిమ్మల్ని గుద్దిందనుకోండి. పరిహారం చెల్లించేది ఆ ట్రాక్టరు పాలసీ. కట్టను అని చెప్పడానికి బీమా కంపెనీకి ఏయే సాకులు ఉండవచ్చో మోటారు వాహనాల చట్టం 150వ సెక్షన్‌లో లెక్కపెట్టి ఇచ్చారు. పర్మిట్ లేకుండా బాడుగకు తిప్పడం, పందేలకు వాడడం, డ్రైవరుకు చెల్లే లైసెన్సు లేకపోవడం, తాగి నడపడం వంటివి అందులో ఉన్నాయి. అన్నీ ఆ ట్రాక్టరుకు, దాని డ్రైవరుకు సంబంధించినవే. దెబ్బతిన్నవాడి నెత్తి మీద ఏముంది అన్నది ఆ జాబితాలో లేదు. ఉండదు కూడా. ఎవరో కొనుక్కున్న పాలసీలో మీ హెల్మెట్ షరతుగా ఎలా ఉంటుంది?

హెల్మెట్ పెట్టుకోవడం 129వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి. పెట్టుకోకపోతే 194డి కింద వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. ఆ తప్పుకు శిక్ష అది. పరిహారం లెక్క వేరే పుస్తకం. ఈ రెంటినీ కలిపి ముద్ద చేయకూడదని సుప్రీంకోర్టు 2020 జనవరిలో మహమ్మద్ సిద్దిఖ్ కేసులో చెప్పింది. అది ఢిల్లీ కేసు. ఒకే మోటారు సైకిలు మీద ముగ్గురు వెళ్తుంటే వెనక నుంచి కారు కొట్టింది, ఇరవై మూడేళ్ల కుర్రవాడు పోయాడు. ముగ్గురెక్కడం తప్పు కాబట్టి అని హైకోర్టు పరిహారంలో పది శాతం కోసింది. సుప్రీంకోర్టు ఆ కోత తీసేసింది. ముగ్గురెక్కడం నేరమే. కానీ ఆ నేరం వల్ల ప్రమాదం జరిగిందని గానీ, ఆ నేరం వల్ల దెబ్బ ఎక్కువైందని గానీ రుజువు ఉండాలి, ఉత్తినే కోయడానికి లేదు అన్నది దాని సారం. మా గదిలో ఆ తీర్పు నకలు జిరాక్స్ తీసీ తీసీ ఇప్పుడు మూడో తరం నకలు నడుస్తోంది, అక్షరాలు అలుక్కుపోయాయి.

అయితే హెల్మెట్ లేకపోయినా పైసా తగ్గదు అని కూడా నేను అనను. అదీ అబద్ధమే. ఎక్కడ తగ్గుతుందో నా తమ్ముడి కేసులో చూశాను. ఆ పిటిషను కూడా నేనే టైపు చేశాను. ఆ ఒక్కసారి మూడో పేరా దగ్గర వేళ్లు ఆగిపోయాయి.

మా తమ్ముడు టైల్స్ వేసే మేస్త్రీ. 2022 జూలై, తోతాపురి కాయ జోరుగా ఉన్న రోజులు. మన జిల్లాలో ఆ రెండు నెలలు గుజ్జు ఫ్యాక్టరీల ముందు రోడ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. కాయల ట్రాక్టర్లు రాత్రీ పగలూ బారులు తీరి ఉంటాయి. రైతు ఒకటిన్నర రోజు అక్కడే పడిగాపులు కాస్తాడు, ట్రెయిలరు కిందే నిద్రపోతాడు. ఆ బారులో చివరి ట్రెయిలరుకు వెనక దీపం ఉండదు, ఎర్ర స్టిక్కరు కూడా ఉండదు, ఒక మామిడి కొమ్మ గుచ్చి ఉంటే అదృష్టం. బంగారుపాళ్యం వైపు రోడ్డులో, రాత్రి ఎనిమిదిన్నరకు, ఎదురుగా వచ్చిన బస్సు లైటు కళ్లలో పడి, మా తమ్ముడు అలాంటి ట్రెయిలరు మూలకు తగిలాడు. కుడి తొడ ఎముక విరిగింది. తల ట్రెయిలరు డాలా ఇనుప అంచుకు కొట్టుకుంది. హెల్మెట్ పెట్రోలు ట్యాంకు మీద ఉంది. చెక్‌పోస్టు దాటేదాకా పెట్టుకుని, ఇంక ఇల్లు రెండు కిలోమీటర్లే కదా అని తీసి అక్కడ పెట్టుకున్నాడు. మంచి హెల్మెట్, ఐఎస్ఐ గుర్తు ఉన్నదే, పదకొండు వందలు పెట్టి నేనే కొనిచ్చాను. దానికి గీత కూడా పడలేదు.

నూట ఎనిమిదిలో చిత్తూరు, అక్కడి నుంచి వేలూరు. కాలికి రాడ్డు వేశారు. కాలు కుదిరింది, కొంచెం కుంటుతాడు. తల మాత్రం కుదరలేదు. వంగితే తిరుగుతుంది. టైల్స్ పని అంతా వంగి చేసేదే కదా. రసమట్టం పెట్టి చూస్తే బుడగ నిలబడదు అంటాడు. బుడగ నిలబడే ఉంటుంది, వీడి కళ్లే నిలవవు. వాసన కూడా పోయింది. సాంబారు మాడినా తెలియదు. మా మరదలు దాన్ని నవ్వుతూ చెబుతుంది, నాకు నవ్వు రాదు.

ట్రిబ్యునల్‌లో బీమా కంపెనీ వాదన రెండు ముక్కలు. ఆగి ఉన్న బండిని వెనక నుంచి గుద్దినవాడిదే తప్పు అన్నది ఒకటి. హెల్మెట్ లేదు కాబట్టి సగం కోయాలన్నది రెండోది. మొదటిది నిలవలేదు. చీకట్లో దీపం లేకుండా రోడ్డు మీద బండి వదిలేయడం 122వ సెక్షన్ కింద తప్పు, ట్రెయిలరుకు రిఫ్లెక్టర్ లేదని, ప్రమాదం జరిగిన చోట పోలీసులు మధ్యవర్తుల ముందు రాసుకున్న రిపోర్టులోనే ఉంది. రెండో దాని కోసం ఆ వకీలు గారు పెద్ద జాబితా రాసుకుని వచ్చారు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి ప్రశ్న, ‘ప్రమాద సమయంలో నీవు హెల్మెట్ ధరించలేదు అంటాను?’ అని. ఆ ప్రశ్నకు మా ప్రాంతంలో సాక్షులందరూ చెప్పే జవాబు ఒకటే, ‘అనుట నిజము కాదు’. మా తమ్ముడు, ‘పెట్టుకోలేదు సార్, ట్యాంకు మీద ఉంది’ అన్నాడు. ఆయన జాబితా వైపు చూసుకుని ఇంకో రెండు ప్రశ్నలు అడిగి కూర్చున్నారు. అబద్ధమని నిరూపించడానికి తెచ్చుకున్న సరంజామా అంతా వృథా అయింది పాపం.

తరువాత ఆపరేషను చేసిన డాక్టరు వచ్చి సాక్ష్యం చెప్పారు. తొడ ఎముకకూ హెల్మెట్‌కూ సంబంధం లేదన్నారు. తల దెబ్బ హెల్మెట్ ఉంటే తగ్గి ఉండేదని, ఎంత తగ్గేదో చెప్పలేనని అన్నారు. జడ్జి గారు అదే గీత గీశారు. కాలి ఆపరేషను బిల్లులు, ఆసుపత్రి ఖర్చులు, నొప్పికి, బాధకు ఇచ్చిన మొత్తం వీటిలో పైసా కోయలేదు. తల తిరుగుడు వల్ల పోయిన సంపాదనలో మాత్రం పదిహేను శాతం కోశారు.

ఆ లెక్క ఇక్కడ రాస్తాను, ఎందుకంటే మీ పాఠకుల్లో చాలామందికి ఈ లెక్క ఎలా కడతారో తెలియదు, రాజీ కుదిర్చే లోక్ అదాలత్‌లో వాళ్లు మోసపోయేది అక్కడే. సంపాదన నెలకు 15,000 అని తీసుకున్నారు. మేస్త్రీకి అంతకంటే ఎక్కువే వస్తుంది కానీ కాగితం లేదు. ఏడాదికి 1,80,000. వయసు నలభై లోపు, సొంత పని కాబట్టి రాబోయే పెరుగుదల కింద నలభై శాతం కలిపితే 2,52,000. ఆ నలభై శాతం 2017 నాటి ప్రణయ్ సేథీ తీర్పులో సుప్రీంకోర్టు పెట్టిన అంకె. పని చేసే శక్తిలో పోయింది ముప్పై శాతం అని తేల్చారు, అంటే ఏడాదికి 75,600. ముప్పై ఎనిమిదేళ్ల వయసుకు పదిహేనుతో హెచ్చవేయాలి. ఏ వయసుకు ఎంతతో హెచ్చవేయాలో చెప్పే ఆ పట్టిక 2009లో సుప్రీంకోర్టు సరళా వర్మ తీర్పులో ఉంది, మా వీధిలో టీ కొట్టు అబ్బాయికి కూడా నోటికి వచ్చు. మొత్తం 11,34,000. అందులో పదిహేను శాతం 1,70,100 రూపాయలు.

లక్షా డెబ్బై వేల నూరు. ఆ డబ్బుకు నేను కొనిచ్చిన హెల్మెట్లు నూట యాభై నాలుగు వస్తాయి. తీర్పు నకలు వచ్చిన రోజు కూర్చుని లెక్క వేశాను.

ఈ కోత ఇంగ్లండు నుంచి వచ్చిన అలవాటని మా వకీలు గారంటారు. అక్కడ హెల్మెట్ తప్పనిసరి చేసింది 1973లో. అంతకు ముందే చిన్న మోపెడు మీద హెల్మెట్ లేకుండా వెళ్లిన ఒకాయన కేసులో, ఎదుటి కారుదే తప్పని తేల్చి కూడా, తల దెబ్బకు పదిహేను శాతం కోశారట. ఓకానెల్ కేసు అంటారు దాన్ని. అంటే యాభై ఏళ్లుగా ఈ వాదన నడుస్తోంది, ఎక్కడా ‘మొత్తం రాదు’ అన్న మాట లేదు. మన దేశంలో కూడా కోర్టుకో తీరు ఉంది. తల దెబ్బ కేసుల్లో నేను కొట్టిన నకళ్లలో పది శాతం చూశాను, పదిహేను చూశాను, రుజువు లేదని ఏమీ కోయనివీ చూశాను. సున్నా చేసిన తీర్పు ఇరవై ఏడేళ్లలో ఒక్కటీ కొట్టలేదు.

లోక్ అదాలత్ రోజున మా వరండాలో ఒక గంట నిలబడితే ఈ పుకారు విలువ ఎంతో తెలుస్తుంది. ఒక కంపెనీ తరఫున వచ్చే ఆయన ఉన్నారు. మర్యాదస్తుడు, ‘అమ్మా’ అనకుండా మాట మొదలుపెట్టడు. ‘అమ్మా, మీ ఆయనకు హెల్మెట్ లేదు. కేసు నడిస్తే ఏమీ రాదు. మా సారుతో మాట్లాడి ఏదో ఇప్పిస్తున్నాను’ అంటారు. విధవరాలు మామగారి ముఖం చూస్తుంది. మామగారు బ్యానరు చదివి ఉంటాడు. తల ఊపుతాడు. ఒకసారి ఛాతీకి దెబ్బ తగిలి పోయిన మనిషి కేసులో కూడా ఈ హెల్మెట్ మాట వాడారు. పోస్టుమార్టం రిపోర్టులో తలకు గీత కూడా లేదు. ఆ రిపోర్టు నకలు కొట్టింది నేనే కాబట్టి నోరు ఆగక, ‘ఛాతీకి హెల్మెట్ పెట్టుకుంటారా సార్?’ అని అడిగాను. ఆయన నవ్వారు. వాళ్ల వకీలు నవ్వలేదు. ఆ రోజు ఒప్పందం జరగలేదు. ఆ ఏడాదే కేసు తేలింది, కోత లేకుండా.

నిజం చెప్పమన్నాను కదా, చెప్పకపోతే ఏమవుతుందో ఇంకో కేసు. తవణంపల్లె వైపు కుర్రవాడు, లారీ తప్పు దిక్కున వచ్చి కొట్టింది. కేసు నూటికి నూరుపాళ్లు లారీ మీదే. వెనక కూర్చున్న స్నేహితుడు బోనెక్కి, అడగకుండానే, ‘మావాడు హెల్మెట్ పెట్టుకున్నాడు, నేను కళ్లారా చూశాను’ అని చెప్పాడు. ఎవరు చెప్పించారో తెలియదు, మంచి ఉద్దేశంతోనే చెప్పించి ఉంటారు. మధ్యవర్తుల రిపోర్టులో ఒక వాక్యం ఉంది: ‘మోటారు సైకిలు కుడి అద్దమునకు నల్లరంగు హెల్మెట్ వేలాడుచున్నది, దానికి ఎట్టి దెబ్బలూ లేవు.’ ఈ ఒక్క విషయంలో అబద్ధం ఆడినవాడు లారీ తప్పు దిక్కున వచ్చిందన్నప్పుడు మాత్రం నిజం చెబుతున్నాడని ఎలా నమ్మాలి అని జడ్జి గారు రాశారు. చెరి సగం తప్పని తేల్చారు. హెల్మెట్ లేదని ఒప్పుకుని ఉంటే ఏ పదో పదిహేనో పోయేది, ఉందని చెప్పడం వల్ల యాభై పోయింది.

పరిహారం నిజంగా రాకుండా పోయే కేసులు లేవా అంటే, చాలా ఉన్నాయి. వాటికి ఎవరూ బ్యానరు కట్టరు. తనంతట తాను పడినవాడికి ఎదుటి బండి లేదు కాబట్టి ఎదుటి పాలసీ లేదు. తన బండి పాలసీలోని యజమాని ప్రమాద బీమా ఒక్కటే దిక్కు. 15 లక్షలది, లైసెన్సు ఉండాలి. బండి అన్న పేరు మీద, నడిపింది తమ్ముడు, అక్కడ చిక్కు. భర్త బండి వెనక కూర్చున్న భార్య సంగతి మరీ అన్యాయం. తప్పు భర్తదే అయితే, ఆ బండికి తక్కువ ధర థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే, వెనక కూర్చున్న మనిషికి అది వర్తించదని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. సమగ్ర పాలసీ అయితే వర్తిస్తుంది. ఈ తేడా పెళ్లిళ్లకూ, తిరుచానూరుకూ చీర కొంగు సర్దుకుని వెనక కూర్చునే ఆడవాళ్లలో ఎంతమందికి తెలుసు? ఆ ఆడవాళ్ల నెత్తిన హెల్మెట్ కూడా ఉండదు. 2022లో దేశం మొత్తం మీద హెల్మెట్ లేక పోయినవాళ్లు 50,029 మంది అని కేంద్రం లెక్క, అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లే. ఆ ఏడాది ఏప్రిల్ నుంచే ఆరు నెలల గడువు కూడా వచ్చింది. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషను వేయాలి. ఏడాది మాసికం పెట్టాక చూద్దామనుకునే మన ఇళ్లకు ఆ గడువు ఎలా సరిపోతుంది? అందులోనూ ‘హెల్మెట్ లేదు, రాదు’ అనుకుని కూర్చున్నవాళ్లు ఏడో నెలలో ఎవరో చెబితే పరుగెత్తుకుని వస్తారు.

ఇంకో మాట. తమిళనాడులోనో కర్ణాటకలోనో ప్రమాదం జరిగితే అక్కడికే వెళ్లి కేసు వేయాలనుకుంటారు చాలామంది. అవసరం లేదు, తాము నివసించే చోటి ట్రిబ్యునల్‌లో వేసుకోవచ్చు. కృష్ణగిరి దగ్గర దెబ్బ తగిలిన చిత్తూరు మనిషి చిత్తూరులో వేస్తే చాలు.

హెల్మెట్ మీద నాకు చిన్నచూపు ఉందని ఎవరూ అనుకోకండి. మంచి హెల్మెట్ చావు ముప్పును 42 శాతం, తల గాయం ముప్పును 69 శాతం తగ్గిస్తుందని 2008లో వైద్య పరిశోధనలన్నీ కూడదీసి తేల్చారు. చట్టం కూడా నెత్తిన ఉంటే చాలదంటుంది. పట్టీ బిగించి ఉంటేనే అది హెల్మెట్ అని 129వ సెక్షన్ వివరణలోనే రాసి ఉంది. కాబట్టి గాంధీ విగ్రహం దగ్గర పోలీసులు కనిపించగానే పట్టీ వదిలేసి నెత్తిన బోర్లించుకునే కొబ్బరిచిప్పలు చట్టం దృష్టిలో లేనట్టే. తిరుపతి వెళ్లినప్పుడల్లా అలిపిరి దగ్గర ఇంకో దృశ్యం చూస్తాను. కొండ మీద గుండు చేయించుకుని, గంధం పూసుకుని, అది చెరిగిపోతుందని హెల్మెట్ హ్యాండిల్‌కు తగిలించి దిగుతారు. జుట్టు కూడా అడ్డం లేని నెత్తి! చట్టంలో మినహాయింపు తలపాగా కట్టుకున్న సిక్కులకు ఉంది, గంధం పూసుకున్నవారికి లేదు. మా ఆడపడుచు కొడుకు ఫ్లోరిడాలో ఉంటాడు, అక్కడ హెల్మెట్ లేకుండా బండ్లు నడిపేవాళ్ల ఫొటో పంపి మమ్మల్ని ఊరిస్తాడు. ఇరవై ఒకటి నిండి, పది వేల డాలర్ల వైద్య బీమా చూపిస్తేనే అక్కడ ఆ వెసులుబాటు అని వాడే ఒకసారి చెప్పాడు. అంటే అక్కడ కూడా నెత్తికి ముందు ఖరీదు కట్టించుకుని వదులుతున్నారన్నమాట.

నా మనవి చిన్నది. ఆ వార్త వేసిన పేజీలోనే, అంతే అక్షరాల్లో సవరణ వేయండి. ర్యాలీలు చేసేవారికి కొత్త బ్యానరు మాటలు కూడా రాసి పెట్టాను: ‘హెల్మెట్ లేకపోయినా ఎదుటి బండిది తప్పయితే పరిహారం వస్తుంది. తల దెబ్బకు కొంత తగ్గవచ్చు. ఆసుపత్రిలో నిజం చెప్పండి.’ 2025 మే నుంచి ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు లేని చికిత్స పథకం కూడా ఉంది కాబట్టి, ఆసుపత్రి గుమ్మంలోనే ‘జారి పడ్డాడు’ అని అబద్ధం చెబితే పోయేది ఒక్క కేసే కాదు. బ్యానరుకు ఇన్ని మాటలు పట్టవంటారా? అయితే మొదటి రెండు వాక్యాలూ తీసేయండి, మూడోది ఉంచండి. గుడ్డ మీద రాసేవాడికి ఇవ్వడానికి కాగితం కావాలంటే పెద్ద అక్షరాల్లో నేనే టైపు చేసి ఇస్తాను, డబ్బు తీసుకోను.

ఇట్లు,
ఒక జాబ్ టైపిస్టు,
గ్రీమ్స్‌పేట, చిత్తూరు.

(తమ్ముడి పేరు, నా పేరు ప్రచురించవద్దని కోరుతున్నాను. బీమా కంపెనీ వాళ్లు అప్పీలు వేశారు.)